వెబ్‌సైటు అందరిదీ, బ్రౌజరు ఎవరిది వారిది

"ఈ పేజీ ఫలానా బ్రౌజరులో మాత్రమే సరిగా కనబడును" అనే ప్రకటన పాతికేళ్ల కిందట ఇంటర్నెట్టులో ఎక్కడ చూసినా కనబడేది. దుకాణం గుమ్మం మీద "ఎర్ర చెప్పులు తొడుక్కున్నవారికే ప్రవేశం" అని రాసినట్టుగా వుండేది అది. ఇప్పుడు ఆ ప్రకటన తగ్గింది గాని ఆ అలవాటు తగ్గలేదు. ఒక బ్రౌజరులో బటను పనిచేయదు. ఇంకొక దానిలో అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడతాయి. మరొకదానిలో ఫారమంతా నింపి చివర "పంపు" అన్నచోట నొక్కితే ఉలుకూ పలుకూ వుండదు. చూసేవారు తమ ఫోను పాడయిందనుకుంటారు, లేదా తమకే చేతగాలేదనుకుంటారు. పెద్దవారైతే "ఇది మావంటివాళ్లకు కాదులే నాయనా" అని పక్కన పెట్టేస్తారు. తయారుచేసినవారి లోపం చదివేవారి నెత్తిన పడుతున్నదన్నమాట.

మన సంఘాలలో చాలావాటికి ఇప్పుడు వెబ్‌సైట్లు వున్నవి. పెళ్లి సంబంధాల వివరాలు, విద్యార్థి వేతనాల దరఖాస్తులు, ఉగాది ఉత్సవాల ఫొటోలు, పాత సంచికలు అన్నీ అందులోకే చేరుతున్నవి. బళ్లారిలోను, మదురలోను, బరంపురంలోను, షోలాపురంలోను, యానాంలోను చెదరివున్న కుటుంబాలు ఏడాదికొక్కసారైనా ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం కష్టం. వారికి అదే రచ్చబండ. అందుచేత ఈ సంగతి ఇంజనీర్లు తమలో తాము తేల్చుకోవలసిన గొడవ అని వదిలిపెట్టకుండా ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం మంచిదని నా ఉద్దేశం.

ముందుగా బ్రౌజరు అంటే ఏమిటో రెండు మాటలు. పూర్వం మన ఇళ్లలోను దేవాలయాలలోను పురాణకాలక్షేపం జరిగేది గదా. గ్రంథం ఒక్కటే, చదివి వినిపించే పౌరాణికులు వేరువేరు. ఒకరి గొంతు గంభీరం, ఒకరిది మృదువు. ఒకరు వేగంగా చదువుతారు, ఒకరు నిదానంగా. ఎవరు చదివినా కథ మాత్రం మారదు. వెబ్‌సైటు ఆ గ్రంథం వంటిది. అందులో మాటలతోపాటు 'ఇది శీర్షిక, ఇక్కడ బొమ్మ, ఇది నొక్కితే ఫలానా పుటకు పోవలెను' అనే గుర్తులు వుంటాయి. ఆ గుర్తుల భాషకు హెచ్.టి.ఎం.ఎల్. అని పేరు. దూరాన వున్న కంప్యూటరు నుంచి ఆ గ్రంథాన్ని తెప్పించి, గుర్తులను అర్థం చేసుకుని, మన తెరమీద చూపించే పౌరాణికుడే బ్రౌజరు. రాసినవారు అందరికీ తెలిసిన గుర్తులు వాడినంతకాలం ఏ పౌరాణికుడయినా చదవగలడు. ఒక్క పౌరాణికుడికే తెలిసిన సైగలు వాడారా, ఆయన వూళ్లో లేనినాడు పురాణం ఆగిపోతుంది.

బజారులో బ్రౌజర్ల పేర్లు చాలా వున్నవి గాని లోపల పనిచేసే యంత్రాలలో ముఖ్యమైనవి మూడే. క్రోము, ఎడ్జి, ఒపేరా, బ్రేవ్ వీటన్నిటిలోనూ వున్నది బ్లింక్ అనే యంత్రం. ఆపిల్ వారి సఫారీలో వున్నది వెబ్‌కిట్. ఫైర్‌ఫాక్సులో వున్నది గెకో. కాబట్టి క్రోములో ఒకసారి, ఎడ్జిలో ఒకసారి చూసి "రెంటిలోనూ బాగుంది" అనుకోవడం ఒకే బావి నీళ్లను రెండు చెంబులతో ముంచి రుచి చూసినట్టు.

అసలు వెబ్ పుట్టుకే ఈ తాపత్రయం నుంచి వచ్చింది. స్విట్జర్లాండులో జెనీవా దగ్గర సెర్న్ అనే అణుపరిశోధన సంస్థ వున్నది. నానాదేశాల శాస్త్రజ్ఞులు అక్కడికి వస్తారు. ఎవరి కంప్యూటరు వారిది. ఒకదానిలో రాసిన కాగితం మరొకదానిలో తెరుచుకునేది కాదు. ఆ చిక్కు తీర్చడానికి టిమ్ బెర్నర్స్-లీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1989లో ఒక పథకం రాసి పై అధికారులకిచ్చాడు. 1990 చివరికి మొదటి బ్రౌజరును తానే తయారుచేశాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ వారు ఈ విద్యను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించారు. మరుసటి సంవత్సరం వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం అనే సంస్థ ఏర్పడింది. గుర్తుల భాషను ఎవరికి తోచినట్టు వారు మార్చకుండా ఉమ్మడిగా తీర్మానించుకోవడం దాని పని.

రైలు ప్రయాణాలు చేసిన పెద్దలకు దీని అవసరం వెంటనే బోధపడుతుంది. గుంతకల్లులో ఒకప్పుడు బ్రాడ్‌గేజి, మీటరుగేజి రెండూ వుండేవి. 1676 మిల్లీమీటర్ల పట్టాలమీద వచ్చిన బండి 1000 మిల్లీమీటర్ల పట్టాలమీదికి పోలేదు. పెట్టె, బేడా, మంచినీళ్ల కూజా అన్నీ దించుకుని, చంటిపిల్లను చంకనెత్తుకుని ఇంకో బండి ఎక్కవలసిందే. 1992లో రైల్వేవారు ఒకే గేజి పథకం మొదలుపెట్టిన తరువాత ఆ బాధ క్రమంగా తీరింది. కన్సార్షియం వారు నిర్ణయించేది పట్టాల వెడల్పు. దానిమీద నడిచే బండ్లు ఎన్నయినా వుండవచ్చు, ఎవరివైనా కావచ్చు.

కాని బండ్ల యజమానులు వూరుకోలేదు. 1993లో మొజాయిక్, 1994 చివర నెట్‌స్కేపు, 1995లో మైక్రోసాఫ్టు వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు వచ్చినవి. తరువాతి రెండింటికీ పోటీ ముదిరింది. ఒకరు అక్షరాలు మిణుకుమిణుకుమనే సొంత గుర్తు పెడితే రెండోవారు అక్షరాలు పక్కకు పరుగెత్తే సొంత గుర్తు పెట్టారు. (రెండూ కళ్లకు బాధే.) ఒకరి గుర్తు మరొకరికి తెలియదు. "ఫలానా బ్రౌజరులోనే చూడండి" అనే ప్రకటనలు అప్పుడే మొదలయినవి. ఇట్లాంటి ప్రకటన అతికించేవారు, ఒకరి కంప్యూటరులో రాసింది మరొకరు చదవలేని వెనకటి పాడురోజులనే కోరుకుంటున్నట్టున్నదని 1996లోనే బెర్నర్స్-లీ ఎత్తిపొడిచాడు. విన్నవారు తక్కువ.

పోటీలో ఎక్స్‌ప్లోరరు గెలిచింది. విండోసుతోపాటే ఉచితంగా వచ్చేది గనుక గెలవడంలో వింత లేదు. ఆ విషయమై అమెరికా ప్రభుత్వం 1998లో మైక్రోసాఫ్టు మీద దావా కూడా వేసింది. 2001లో ఎక్స్‌ప్లోరరు 6వ రూపం వచ్చేసరికి లోకంలో పదిమందిలో తొమ్మండుగురు వాడేది అదే. ఇక పోటీ లేదు. పోటీ లేకపోయేసరికి మెరుగుపరచవలసిన తొందరా లేదు. 7వ రూపం రావడానికి 2006 అక్టోబరు దాకా, అంటే అయిదేళ్లు పట్టింది. ఆ మధ్య 2004 నవంబరులో ఫైర్‌ఫాక్సు రాకపోతే ఇంకెంత కాలం పట్టేదో.

ఇంగ్లీషు చదివేవారికి ఈ పోట్లాటలో నష్టం తక్కువ. పేజీ వంకరగా కనబడితే కనబడేది. అక్షరం పోయేది కాదు. తెలుగువారికి అక్షరమే పోయింది. అందువల్ల ఈ భాగం కొంచెం విస్తరించి చెబుతాను.

యూనికోడ్ అనే అంతర్జాతీయ పట్టికలో తెలుగుకు 1991లోనే 128 గళ్లు కేటాయించారు. కాని గళ్లుంటే చాలదు. క, తరువాత పొల్లు, తరువాత ష వరుసగా వస్తే మూడింటినీ కలిపి 'క్ష' అని గీయడం కంప్యూటరుకు చేతకావాలి. అది మామూలు ఇళ్లలోని యంత్రాలకు రావడానికి పదేళ్లు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే ఫాంటుతో వచ్చింది. అప్పటిదాకా తెలుగు పత్రికలు చేతులు ముడుచుకు కూర్చోలేక ఒక ఉపాయం పన్నినవి. ఇంగ్లీషు అక్షరాల గళ్లలోనే తెలుగు ముక్కలు, ఇక్కడొక తలకట్టు, అక్కడొక కొమ్ము, ఇంకోచోట ఒక వత్తు పెట్టి సొంత ఫాంట్లు చేసుకున్నవి. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు. ఆ ఫాంటు మీ కంప్యూటరులో వుంటే తెలుగు. లేకపోతే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు.

ఫాంటు దించుకుని కంప్యూటరులో పెట్టుకోవడం అందరికీ చేతనయ్యే పని కాదు గనుక పేజీతోపాటే ఫాంటును కూడా పంపే పద్ధతి వచ్చింది. ఇక్కడ కూడా రెండు గేజీలే! 1997లో ఎక్స్‌ప్లోరరు ఇ.ఓ.టి. అనే రకాన్ని, నెట్‌స్కేపు పి.ఎఫ్.ఆర్. అనే రకాన్ని తెచ్చినవి. ఒకదాని ఫాంటు రెండోదానికి పనికిరాదు. నెట్‌స్కేపు క్షీణించిపోయేసరికి, ఉన్నవారిలో ఎక్కువమంది ఎక్స్‌ప్లోరరు వారే గదా అని చాలాచోట్ల మొదటి రకం మాత్రమే మిగిలింది. విండోస్ వాడేవారు హాయిగా చదువుకున్నారు. లినక్సు వాడేవారికి, ఆపిల్ మాకింటోషు వాడేవారికి తెరమీద పిచ్చిగీతలు.

రాష్ట్రం దాటి వున్న మనకు దీని విలువ వేరుగా వుండేది. తెలుగు దినపత్రిక ఆలస్యంగా చేరే వూళ్లు, అసలే చేరని వూళ్లు మనకు కొత్త కాదు. అటువంటిచోట కుర్రవాళ్లు ఆఫీసు నుంచి వచ్చి కంప్యూటరులో పత్రిక తెరిచి తాతగారికో అమ్మమ్మగారికో చదివి వినిపించడం ఒక దినచర్య అయింది. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో చదువుకునే పిల్లలు తెలుగు లిపిని రోజూ చూసే చోటు అదొక్కటే. ఇంట్లో ఎక్స్‌ప్లోరరు లేనిదానికి మారినరోజున ఆ చోటు మాయమయ్యేది. తప్పు తమ కంప్యూటరుదనుకున్నారే గాని పత్రికవారు ఒక్క బ్రౌజరుకే రాశారని ఎవరికి తోచింది?

మొజిల్లా, ఫైర్‌ఫాక్సు వాడేవారి కష్టం చూడలేక ఒక తెలుగు ఇంజనీరు 'పద్మ' అనే ఉపకరణం తయారుచేశాడు. అది ఆయా పత్రికల సొంత సంకేతాలను అప్పటికప్పుడు యూనికోడులోకి మార్చి చూపించేది. ఎంతమంది ప్రవాసాంధ్రులు దానివల్ల పత్రికలు చదువుకున్నారో! అయితే ఒక్కొక్క పత్రిక గుట్టు విప్పడానికి ఒకరు కూర్చుని ఒక్కొక్క పట్టిక రాయవలసి వచ్చిందంటే, మొదటనే అందరికీ తెలిసిన పద్ధతిలో రాయకపోవడంవల్ల ఎంత శ్రమ వృథా అయిందో ఊహించండి.

నేరమంతా ఒకవైపే వుందనడం కూడా న్యాయం కాదు. ఫైర్‌ఫాక్సు పాత రూపాలలో, పుస్తకంలో మాదిరిగా రెండు అంచులూ సమంగా వచ్చేటట్టు తెలుగు పేరాను దిద్దితే వత్తులు, గుణింతాలు విడిపోయి చెల్లాచెదరయ్యేవి. ఎక్స్‌ప్లోరరులో మాత్రమే చూసుకున్న రచయితకు అది కనబడేది కాదు. ఫైర్‌ఫాక్సు చదువరికేమో రచయితకు తెలుగు రాయడం రానట్టు తోచేది. 2008లో 3వ రూపం వచ్చాక అది తీరింది. ఫాంటు పంపే పద్ధతికి కూడా ఉమ్మడి రకం ఒకటి తయారై, 2012 డిసెంబరులో కన్సార్షియం ఆమోదం పొందింది. ఇవాళ ఏ బ్రౌజరులోనైనా చక్కని తెలుగు ఫాంటుతో పేజీ తెరవగలుగుతున్నామంటే అదే కారణం.

ఇక పాత పేజీల గతి ఏమిటి? సొంత ఫాంటులో రాసినవి నేడు తెరిచినా చదవరావు, వెతికితే దొరకవు. 'తెనాలి' అని వెతికినవారికి, లోపల ఇంగ్లీషు గళ్ల సంకేతాలుగా వున్న తెనాలి ఎట్లా దొరుకుతుంది? ఇందులో పత్రికల వార్తలే కాదు, మనవంటి సంఘాల జాబితాలు, సంతాప వార్తలు, వంశవృక్షాలు కూడా పోయినవి.

ఒక దేశం మొత్తం ఇదే ఉచ్చులో పడిన కథ చెబుతాను. 1990లలో అమెరికా ప్రభుత్వం గట్టి రహస్యలిపి గల సాఫ్టువేరును విదేశాలకు ఎగుమతి కానిచ్చేది కాదు; బయటికి వచ్చే బ్రౌజర్లలో బలహీనమైన 40 బిట్ల రహస్యలిపి వుండేది. అది బ్యాంకు పనులకు చాలదని దక్షిణ కొరియావారు 1998లో సీడ్ అనే 128 బిట్ల రహస్యలిపిని తామే తయారుచేసుకున్నారు. అభినందించవలసిన పనే. 1999లో డిజిటల్ సంతకాల చట్టం కూడా చేశారు. కాని ఆ సీడ్ బ్రౌజర్లలో లేదు. దాన్ని తగిలించడానికి మైక్రోసాఫ్టు వారి యాక్టివ్ ఎక్స్ అనే పద్ధతిని వాడారు. అది ఎక్స్‌ప్లోరరులో మాత్రమే పనిచేసేది.

అక్కడి నుంచి బ్యాంకులో డబ్బు వేయాలన్నా, సరుకు కొనాలన్నా, ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవాలన్నా ఎక్స్‌ప్లోరరు తప్పనిసరి అయింది. కొద్దికాలానికే అమెరికా ఆంక్షలు సడలించింది. అన్ని బ్రౌజర్లలోనూ గట్టి రహస్యలిపి వచ్చేసింది. కొరియావారు మాత్రం తమ పాత తగిలింపులతోనే వుండిపోయారు. 2007లో విండోస్ విస్టా వచ్చి భద్రతా నియమాలు బిగించేసరికి దేశమంతటా బ్యాంకుల, ప్రభుత్వ కార్యాలయాల వెబ్‌సైట్లు తల్లడిల్లినవి. అదే సంవత్సరం ఒక న్యాయశాస్త్ర ఆచార్యుడు, కిమ్ కీచాంగ్ గారు, ఇతర బ్రౌజర్లు వాడేవారికి కూడా సంతకపు పత్రాలు ఇవ్వాలని కోర్టుకెక్కాడు. 2009లో సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్లి ఓడిపోయాడు. అందరూ వాడేది ఒకటే అయినప్పుడు మిగిలినవారి హక్కు కోర్టులో కూడా నిలబడలేదు.

చివరికి కదలిక ఎట్లా వచ్చిందో తెలిస్తే నవ్వొస్తుంది. ఒక కొరియా టెలివిజను నాటకం చైనాలో విపరీతంగా ఆడింది. అందులో కథానాయిక తొడుక్కున్న కోటు కొందామని చైనావారు కొరియా దుకాణాల వెబ్‌సైట్లకు వస్తే, యాక్టివ్ ఎక్స్, సంతకపు పత్రం లేనిదే కొనడానికి వీలులేకపోయింది. చేతిలో డబ్బుతో గుమ్మంలో నిలబడ్డ బేరాన్ని తిప్పి పంపుతున్నామని 2014 మార్చిలో సాక్షాత్తు దేశాధ్యక్షురాలు పార్క్ గున్ హే సభలో ఎత్తి చూపింది. కోర్టులో ఆచార్యుడు చేయలేని పని కోటు చేసింది! అయినా ఆ సంతకపు పత్రాల ప్రత్యేక హోదా చట్టంలోనుంచి తొలగిపోయేసరికి 2020 డిసెంబరు వచ్చింది. సడలించడానికి అక్షరాలా ఇరవయ్యొక్క సంవత్సరాలు.

మన దేశంలో ఇంత దూరం పోలేదు గాని రుచి చూశాం. టెండర్లు వేసేవారు, కంపెనీ లెక్కలు దాఖలు చేసేవారు డిజిటల్ సంతకం పెట్టడానికి జావా అనే తగిలింపు కావలసివచ్చేది. 2015లో క్రోము, 2017లో ఫైర్‌ఫాక్సు ఆ రకం తగిలింపులను మానివేసినవి. అప్పుడు చాలా ఆడిటర్ల ఆఫీసుల్లో మూల ఒక పాత కంప్యూటరును ఎక్స్‌ప్లోరరు కోసమే అట్టేపెట్టుకోవడం చూశాను; దానికి పసుపు కుంకుమలు పెట్టడం ఒక్కటే తక్కువ. ఆ ఎక్స్‌ప్లోరరుకు కూడా 2022 జూన్ 15న మైక్రోసాఫ్టువారే స్వస్తి చెప్పారు. పదిమందిలో తొమ్మండుగురు వాడిన బ్రౌజరు అది.

దీనికొక సమాధానం ఎప్పుడూ వినబడుతుంది. "అదంతా పాతకథ. ఇప్పుడు అందరూ క్రోమే వాడుతున్నారు. దానిలో బాగుంటే చాలు. సంఘానికి వున్న డబ్బెంత, మూడు బ్రౌజర్లకు పని చేయించేదెంత?" డబ్బు సంగతి న్యాయమైనదే, దానికి తరువాత వస్తాను. కాని 'అందరూ' అన్నది నిజం కాదు. లోకం మొత్తంమీద క్రోము వాటా ఇంచుమించు మూడింట రెండు వంతులు. మిగిలిన వంతులో ఎవరున్నారో చూడండి.

ఐఫోను వాడే మన పిల్లలున్నారు. ఐఫోనులో ఏ బ్రౌజరైనా ఆపిల్ వారి వెబ్‌కిట్ యంత్రాన్నే వాడాలని నియమం. 2024 మార్చిలో ఐరోపా సమాజ దేశాలలో ఆ నియమాన్ని సడలించవలసి వచ్చింది గాని మన దేశానికి ఆ సడలింపు రాలేదు. అంటే ఐఫోనులో 'క్రోము' అని పేరున్నా లోపలిది సఫారీ యంత్రమే. పెద్దవారి ఇంట్లో మూలనున్న విండోస్ 7 కంప్యూటరున్నది. 2023 ఫిబ్రవరి నుంచి కొత్త క్రోము దానిమీద ఎక్కడం మానేసింది. ఫైర్‌ఫాక్సు మాత్రం ప్రత్యేక శాఖ ఒకటి పెట్టి ఆ తరువాత కూడా ఆ యంత్రాలను కనిపెట్టుకున్నది. 2017లో వచ్చిన జియోఫోను సంగతి చాలామంది మరచారు. కోట్ల సంఖ్యలో అమ్ముడుపోయిన ఆ బటన్ల ఫోనులో నడిచింది కై ఓ.ఎస్.; దానిలోని బ్రౌజరుకు మూలం ఫైర్‌ఫాక్సు వారి గెకో యంత్రం, అదీ కొంచెం పాతది. వ్యవసాయం చేసుకునేవారు, ఇళ్లలో పనిచేసేవారు మొదటిసారి ఇంటర్నెట్టు చూసింది చాలామంది దానిలోనే. చూపు లేనివారు ఎన్.వి.డి.ఏ. వంటి ఉచిత సాధనంతో పేజీని చదివించుకుని వింటారు. అది ఫైర్‌ఫాక్సుతోను, క్రోముతోను కూడా పనిచేస్తుంది గాని, పేజీలో శీర్షికను శీర్షిక అని, బటనును బటను అని ఉమ్మడి భాషలో రాసివుంటేనే సరిగా చెప్పగలుగుతుంది.

అందరూ ఒకే యంత్రాన్ని వాడితే ఇంకొక ప్రమాదం కూడా వున్నది. దానికి సాక్ష్యం మన తెలుగు అక్షరమే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పులో ఐఫోనుకు పంపితే అందుకున్న పరికరం కుప్పకూలేది. లోకంలోని పత్రికలన్నీ 'ఫోన్లను పడగొట్టే తెలుగు అక్షరం' అని రాసినవి. జ్ఞానానికి మొదటి అక్షరమే దొరికింది దానికి! లోపం బ్రౌజరుకన్నా లోతుగా, అక్షరాలు గీసే భాగంలో వున్నది. ఫిబ్రవరి 19న ఆపిల్ వారు దాన్ని సరిదిద్దారు. ఆ కొద్ది రోజులూ అదే అక్షరం ఆండ్రాయిడు ఫోన్లలోను, విండోస్ కంప్యూటర్లలోను మామూలుగా కనబడుతూనే వుంది, ఎందుకంటే అక్కడ గీసే చేతులు వేరు. అన్నిచోట్లా ఒకే చెయ్యి వుంటే?

ఇప్పుడు డబ్బు సంగతి. మూడు బ్రౌజర్లకు మూడు వెబ్‌సైట్లు కట్టడం ఎవరూ అడగడంలేదు. ఉమ్మడి భాషలో ఒక్కటి రాస్తే నూటికి తొంభైపాళ్లు అన్నిటిలోనూ అదే నడుస్తుంది. బ్రౌజర్ల వారు కూడా వెనకటి మాదిరి కాదు; ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్టు, మొజిల్లా 2022 నుంచి ఇంటరాప్ అనే పేరుతో ఏటా కూర్చుని, తమ యంత్రాల మధ్య తేడాలు ఎక్కడ వున్నవో పట్టిక వేసుకుని తగ్గించుకుంటున్నారు. ఖర్చు పెరిగేది, ముందు ఒక్కదానికే రాసి తరువాత మిగిలినవాటికి అతుకులు వేసినప్పుడు.

పని ఒప్పుకున్న కుర్రవాళ్లు చేసే మరొక పొరపాటు, వచ్చిన బ్రౌజరును గుమ్మంలో ఆపి పేరు అడగడం. పేరు నచ్చకపోతే "మీ బ్రౌజరు పనికిరాదు" అని పంపివేయడం. దీనివల్ల బ్రౌజర్లన్నీ అబద్ధమాడడం నేర్చుకున్నవి. నెట్‌స్కేపుకు లోపలి పేరు 'మొజిల్లా'. ఆ పేరున్నవారికే మంచి పేజీలు వడ్డిస్తున్నారని ఎక్స్‌ప్లోరరు కూడా తన పేరు ముందు మొజిల్లా అని చెప్పుకున్నది. ఇవాళ్టి క్రోము తన పేరు చెప్పమంటే మొజిల్లా, ఆపిల్ వెబ్‌కిట్, గెకో వంటిది, క్రోము, సఫారీ అని అందరి ఇంటిపేర్లూ ఏకరువు పెడుతుంది. విందుకు వచ్చినవాడు ద్వారంలో ఆపుతారేమోనని పెళ్లివారి బంధువులందరి పేర్లూ వల్లించినట్టు. పేరు అడగకుండా, "ఈ పని నీకు చేతనవునా?" అని అడిగి, చేతగాకపోతే ఆ పనికి సాదా పద్ధతి ఒకటి చూపడం సరైన మార్గం. బొమ్మలు జరిగే సొగసు లేకపోయినా ఫోను నంబరు, చిరునామా, దరఖాస్తు అందితే చాలును గదా.

కాబట్టి సంఘంవారు వెబ్‌సైటు చేయించేటప్పుడు ఒప్పందపు కాగితంలోనే కొన్ని వాక్యాలు రాయించుకోవడం మంచిది. తెలుగు అంతా యూనికోడులోనే వుండాలి. పాత సంచికలు డి.టి.పి. ఫాంట్లలో వుంటే మార్చి పెట్టాలి, లేదా బొమ్మలుగా పెట్టినా శీర్షికలు, రచయితల పేర్లు యూనికోడులో రాయాలి. ప్రత్యేకమైన తగిలింపు ఏదీ దించుకోవలసిన అవసరం వుండరాదు. చివరి వాయిదా సొమ్ము చెల్లించేముందు పేజీలు బ్లింక్, వెబ్‌కిట్, గెకో మూడింటిలోనూ తెరిచి చూపించాలి. కేంద్రప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లో వెలువరించిన మార్గదర్శక సూత్రాలలో కూడా వేరువేరు బ్రౌజర్లలో పరీక్షించాలని వున్నది. అమలు సంగతి అందరికీ తెలిసిందే; అయినా అడగడానికి ఆధారం వున్నది.

పరీక్షకు నిపుణులు అక్కరలేదు. కార్యవర్గంలో ఒకరి ఇంట్లో ఐఫోను వుంటుంది, ఒకరి దగ్గర అయిదారేళ్ల నాటి చవక ఆండ్రాయిడు ఫోను వుంటుంది, ఇంకొకరి ఇంట్లో ఫైర్‌ఫాక్సు వున్న కంప్యూటరు దొరుకుతుంది. లేకపోతే అయిదు నిమిషాల్లో ఉచితంగా పెట్టుకోవచ్చు. ముగ్గురూ ఒక ఆదివారం పూట మొదటి పుట తెరిచి, అందులో 'క్ష', 'జ్ఞా', 'స్త్రీ', 'ర్య' వున్న మాటలు సరిగా కూడినవో లేదో చూసి, విద్యార్థి వేతనం దరఖాస్తు ఒకటి మొదటినుంచి చివరిదాకా నింపి పంపి చూడాలి. ఆ ఫోను పట్టుకునేది కంప్యూటరు చదివిన కుర్రవాడు కాకుండా, ఇంట్లో పెద్దావిడ అయితే మరీ మంచిది. ఆవిడ ఎక్కడ ఆగిపోతారో, "ఇదేమిటమ్మా, కదలడం లేదు" అని ఎక్కడ అంటారో అక్కడ గుర్తు పెట్టుకుని, ఆ కాగితాన్ని వెబ్‌సైటు చేసేవారికి పంపించండి.